అమ్మభాషకి అయిదు పాయింట్లు

తెలుగుకి రేటు తేలింది. నన్నయ్య దగ్గర్నుంచి నిన్నటి కవి సమ్మేళనం దాకా, 2008లో ఢిల్లీ వారిచ్చిన ప్రాచీన హోదాతో సహా, సరుకంతా తూకం వేస్తే నికరంగా తేలిన ఖరీదు 5 పాయింట్లు. రేటు కట్టింది మన అకాడమీలు కావు, అధికార భాషా సంఘమూ కాదు. ఆస్ట్రేలియా వలస శాఖ. ఇన్నాళ్ళకి మన భాషలో కూడా ఏదో పస ఉందని కనిపెట్టిన ఆ మహానుభావులకి మనం ఒక శాలువా, ఒక జ్ఞాపిక బాకీ.

పూర్వం ఈ పని దేవుళ్ళు చేసేవారు. మా ఘంటసాల దగ్గర కృష్ణ ఒడ్డున శ్రీకాకుళం ఉంది. జిల్లా కాదు, ఊరు. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు రాయలవారి కలలోకి వచ్చి తెలుగులో కావ్యం రాయమన్నాడని ఆముక్తమాల్యదలోనే ఉంది. రాయలు అమాయకుడు, దీనివల్ల నాకేమిటని అడక్కుండా లేచి రాసేశాడు. ఇప్పటి మా గుడివాడ కుర్రాడైతే కలలోనే నిలేసేవాడు: "స్వామీ, ఇది పీఆర్‌కి లెక్కలోకొస్తుందా?"

లెక్క ఏమిటో తెలియని పెద్దలు ఇంకా ఎవరన్నా మిగిలుంటే వారి కోసం చెబుతున్నాను. ఆస్ట్రేలియాలో స్థిరపడాలంటే, అంటే పీఆర్ రావాలంటే, ఒక పాయింట్ల పట్టిక ఉంది. కనీసం 65 ఉంటే వరసలో నిలబడనిస్తారు. పిలుపు రావాలంటే ఆ పైన ఎన్ని కావాలో ఏ నెలకానెల ఏజెంటు మొహం చూసి తెలుసుకోవాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ ఎనిమిదేసి తెచ్చుకుంటే 20. వయసు 25 నుంచి 32 లోపయితే 30. 33 నిండాయా, అందులో 5 కోత. అందుకే మా వైపు 33వ పుట్టినరోజున కేకు కోస్తుంటే పెద్దవాళ్ళు పరామర్శకి వచ్చినట్టు కూర్చుంటారు. పోయిన ఆ అయిదూ పూడ్చడానికే, సరిగ్గా ఆ అయిదే చేత్తో పట్టుకుని, తెలుగుతల్లి ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో అవతరించింది.

ఈ పట్టిక పెళ్ళిళ్ళకి చేసిన మేలు వేరే చెప్పాలి. 2019 నవంబరు నుంచి పెళ్ళికాని వాడికి 10 పాయింట్లు. వాళ్ళకి కావలసిన వృత్తి, తగినంత ఇంగ్లీషు ఉన్న భార్యకి 10. ఇంగ్లీషు మాత్రమే ఉన్న భార్యకి 5. రెండూ లేని పిల్ల ఎంత గుణవంతురాలైనా సున్న. అంటే ఆజన్మ బ్రహ్మచర్యమూ, ఇంజినీరు భార్యా సరిసమానమని కాన్‌బెర్రా సిద్ధాంతం. మన ధర్మశాస్త్రాలు ఇంత తేటగా ఎక్కడా చెప్పలేకపోయాయి.

దాంతో పెళ్ళిళ్ళ పేరయ్య చంకలో పంచాంగం పోయి పాయింట్ల పట్టిక వచ్చింది. "నక్షత్రాలు కుదిరాయండీ. గోత్రాలు వేరేనండీ. కైకలూరు వైపు చేపల చెరువు కూడా పిల్ల పేరనే పెడతామంటున్నారండీ. ఎటొచ్చీ పిల్లకి ఐఈఎల్‌టీఎస్ రైటింగులో అర తగ్గింది." అంతే, పెళ్ళివారు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేస్తారు. మూలా నక్షత్రం పిల్లకైనా శాంతి ఉంది గానీ రైటింగులో అయిదున్నరకి శాంతి లేదు. ముహూర్తం నిశ్చయించుకున్నవాళ్ళు సైతం, "పిలుపు వచ్చిందాకా ఆగుదాం బావగారూ, మూడుముళ్ళు వేశామంటే పది పోతాయి" అంటున్నారు. కట్నం చట్టరీత్యా నేరం కాబట్టి దాని ఊసు ఎవరూ ఎత్తరు. పాయింట్లు నేరం కావు.

సరే, తెలుగు సంగతికి వద్దాం. ఆ అయిదూ ఊరికే రావు. నాటీ అని ఒక సంస్థ ఉంది. అది సీసీఎల్ అని ఒక పరీక్ష పెడుతుంది. రుసుము 800 డాలర్ల మాట, మన డబ్బులో నలభై వేల పైచిలుకు. ఒక ఆఫీసరు ఇంగ్లీషులో మాట్లాడతాడు, ఒక తెలుగావిడ తెలుగులో మాట్లాడుతుంది. మనవాడు మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యాలి. రెండు సంభాషణలు, ఒక్కొక్కటి 300 మాటలు, ముక్కకి 35 మాటలు మించవు. 90కి 63 వస్తే గట్టెక్కినట్టు. ఒక్కో సంభాషణలో ఒక్కసారి మాత్రం "మళ్ళీ చెప్పండి" అనొచ్చు. రెండోసారి అడిగితే మార్కు కోస్తారు.

ఏం మాట్లాడుకుంటారయ్యా అంటే, పోతన గురించీ కాదు, శ్రీనాథుడి గురించీ కాదు. అద్దె ఇంటికి కట్టిన బాండు వెనక్కివ్వని ఏజెంటు గురించి. పిల్లకి టీకాల కాగితం లేదంటున్న బడి గురించి. ఇన్సూరెన్సు గురించి, డాక్టరు అపాయింటుమెంటు గురించి, చెత్త తీసుకెళ్ళని కౌన్సిల్ గురించి. గుడివాడలో పుట్టి పెరిగి మున్సిపాలిటీ ఆఫీసు గుమ్మం తొక్కని పిల్లాడు, మెల్‌బోర్న్ కౌన్సిల్ వారికి చెత్తబండి రాలేదని ఎలా మొరపెట్టుకోవాలో రాత్రింబవళ్ళు సాధన చేస్తున్నాడు. విక్టోరియా రాష్ట్రంలో ఎర్రమూత డబ్బా మామూలు చెత్తకి, పసుపుమూత మళ్ళీ పనికొచ్చే వాటికి, ఆకుపచ్చమూత తిండికీ తోటకీ, ఊదామూత గాజుకి. వీటన్నిటినీ తెలుగులో తడుముకోకుండా చెప్పగలడు. వాళ్ళింటి చెత్త మాత్రం నాలుగు మూతల సరుకూ కలిపి ఒకే సంచిలో వీధి చివరి కాలవలోకి వెళుతుంది. కాలవకి మూత లేదు కదా.

మా పూర్వ విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. నేను జిల్లా పరిషత్ బడిలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. వాడు నా దగ్గర ఆరో తరగతి సగం వెలగబెట్టి కాన్వెంటుకి మారినవాడు. మారిన ఏడాది వాళ్ళమ్మ రైతుబజారులో ఎదురై, "మావాడికి తెలుగు అస్సలు రావట్లేదండీ మాస్టారూ" అని, పిల్లాడికి ర్యాంకు వచ్చినంత సంబరంగా చెప్పింది. ఆ కాన్వెంటులో తెలుగు మాట్లాడితే మాటకి పది రూపాయలు జరిమానా. ఇప్పుడా పిల్లాడే, "మాస్టారూ, మీరు అర్జెంటుగా నాకు తెలుగు చెప్పాలి" అన్నాడు.

"ఎంత తెలుగురా?" అన్నాను.

"ఎక్కువొద్దు మాస్టారూ. 63 మార్కుల తెలుగు చాలు."

"మీ అమ్మమ్మ ఉందిగా పామర్రులో. రోజూ ఓ అరగంట ఆవిడతో మాట్లాడు. దమ్మిడీ ఖర్చుండదు."

"ఆవిడ వల్ల కాదు మాస్టారూ. ఆవిడ 35 మాటలకి ఆగదు. పాజ్ బటన్ కూడా లేదు."

నిజమే. ఆవిడ మొదలుపెడితే దివిసీమ ఉప్పెన దగ్గర ఎత్తుకుని పక్కింటావిడ మోకాలి ఆపరేషన్ దాకా ఒకే ముక్కగా చెబుతుంది. పరీక్షకి పనికిరాని తెలుగు అది. చివరికి వాడు ఆన్‌లైన్‌లో చేరాడు. డాలర్లు తీసుకుని తెలుగు నేర్పేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారట. సంతోషం. తెలుగు మాట్లాడినందుకు ఇక్కడ పది రూపాయలు కట్టాడు, మాట్లాడటం కోసం అక్కడ డాలర్లు కట్టాడు. మధ్యలో పిల్లాడు తెలుగు మాట్లాడకపోయినా, తెలుగు మీద వ్యాపారం మాత్రం ఒక్కరోజు ఆగలేదు.

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడివాళ్ళు, తెలుగు మాట్లాడిన పాపానికి, "నేనెప్పుడూ తెలుగు మాట్లాడను" అని రాసిన పలకల్ని పిల్లల మెడల్లో వేలాడదీస్తే రాష్ట్రమంతా గగ్గోలు పెట్టింది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ బడివాళ్ళ మీద జాలేస్తుంది. రేటు వచ్చేదాకా సరుకు బయటికి తియ్యొద్దని దూరాలోచన చేసినవాళ్ళని అనవసరంగా ఆడిపోసుకున్నాం.

మనకి ఈ దుబాసీ పని కొత్తేం కాదు. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ బందరు రేవుకొచ్చింది. డచ్చివాళ్ళు అప్పటికే వచ్చి దుకాణం తెరిచారు. అద్దకపు బట్టలు బేరమాడాలన్నా, గోల్కొండ సుల్తాను మనుషులకి సుంకం కట్టాలన్నా దొరకి దుబాసీ కావాలి. దొర దుబాసీకి జీతం ఇచ్చాడు. దుబాసీ అది పుచ్చుకుని, ఆ పైన అటూ ఇటూ కూడా కాస్త మిగుల్చుకునేవాడు. నాలుగువందల ఏళ్ళు గడిచేసరికి వ్యవహారం తిరగబడింది. దుబాసీనవుతానని మనమే దొరకి ఎదురు రుసుము చెల్లిస్తున్నాం. చెల్లించి, పాసై, కాగితం తెచ్చుకుంటే ఆ కాగితంతో దుబాసీ ఉద్యోగం రాదు. ఆస్పత్రిలోనో కోర్టులోనో నిజంగా దుబాసీగా కూర్చోవాలంటే దానికి వేరే పరీక్ష ఉంది. ఇది పాయింట్లకి తప్ప ఎందుకూ కొరగాదు. పైగా దీనికి చెల్లుబాటు మూడేళ్ళు. జాడీలో పెట్టిన మాగాయి లాగా మన తెలుగుకి కూడా గడువు ఉందన్నమాట. అది దాటితే బూజు పట్టినట్టే లెక్క.

ఆ బందరులోనే 1843లో రాబర్ట్ నోబుల్ దొర ఇంగ్లీషు బడి పెట్టాడు. అదే నోబుల్ కాలేజీ అయింది. అక్కడే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి, దొరల చదువు మనకేమిటి, మన చదువు మనం చదువుకుందామని ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పట్టాభిగారికి దీనివల్లా, ఇలాంటి మిగతా పనులవల్లా పాయింట్లు రాలేదు, జైలు వచ్చింది. ఏ పని చేస్తే ఏమొస్తుందో ముందుగా విచారించుకునే అలవాటు ఆ తరానికి లేదు పాపం.

దివిసీమ మనిషి మండలి వెంకటకృష్ణారావు విద్యామంత్రిగా ఉండి 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించారు. తెలుగువాడు ఏ దేశంలో ఉన్నా తెలుగువాడేనని ఆనాటి ఆశ. అది నెరవేరింది. దేశం దాటాకే తెలుగువాడవుతున్నాడు. ఇక మన ప్రభుత్వాల భాషాభిమానం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2019 నవంబరులో సర్కారు బళ్ళన్నిట్లో ఇంగ్లీషు మీడియమని ఉత్తర్వు వచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. అటు వాదించినవాళ్ళ పిల్లలూ ఇటు వాదించినవాళ్ళ పిల్లలూ ఒకే కాన్వెంటు బస్సు ఎక్కారు.

అసలు తెలుగు చూడాలంటే అవనిగడ్డ వెళ్ళాలి. డీఎస్సీ కోచింగుకి రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడికే వస్తారు. ఇరుకు గదులు, మెస్సు భోజనం, గోడ నిండా కాలపట్టికలు. అందులో తెలుగు పండితుడి పోస్టుకి చదివేవాడు ఒకడుంటాడు. వాడికి ఉత్పలమాల వచ్చు, ఉకారసంధి వచ్చు, ప్రబంధయుగం పుట్టుపూర్వోత్తరాలన్నీ వచ్చు. 2018లో ఒక డీఎస్సీ, తర్వాత మెగా డీఎస్సీ 2025లో. మధ్యలో ఏడేళ్ళు వాడు సంధులు విడదీస్తూ కూర్చున్నాడు, ఇంటి దగ్గర సంబంధాలు విడిపోయాయి. మొత్తం తెలుగు వచ్చినవాడికి ఒక బడి దొరకలేదు. 63 మార్కుల తెలుగు వచ్చినవాడికి ఒక ఖండమే దొరికింది. అవనిగడ్డ కుర్రాడా, నీ తప్పేమిటో తెలిసిందా? అవసరమైన దానికన్నా ఎక్కువ నేర్చుకున్నావు.

ఇప్పుడు మెల్‌బోర్న్ వెళదాం. ఊరికి పడమటి దిక్కున టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్. మనవాళ్ళు పేరులో పాయింటున్న పేటని కూడా వదల్లేదు. పొద్దున్న చలికోటు, మధ్యాహ్నం చెమట, సాయంత్రం గాలివాన, ఒకే రోజులో మూడు కాలాలు. గృహప్రవేశం రోజున పురోహితుడు హోమం వెలిగించబోతే ఇంటాయన నిచ్చెనెక్కి పొగ గంటకి ప్లాస్టిక్ సంచి కడతాడు. అది మోగితే స్వాహాకారం వినపడదు. శనివారం పిల్లల ఈత, ఇనుప సామాన్ల కొట్టు బయట సాసేజ్ వాసన, లాన్ కోత. ఆదివారం తెలుగు బడి. అక్కడ పిల్లలు ఒక గంట "అమ్మ, ఆవు" దిద్దుతారు, కారెక్కగానే ఆవునీ అమ్మనీ కూడా ఇంగ్లీషులోనే పిలుస్తారు.

2016 ఆస్ట్రేలియా జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామని రాసినవాళ్ళు 34 వేల చిల్లర. 2021కి 59 వేల దాకా పెరిగారు. మన గుండెలుప్పొంగాల్సిన అంకె. ఎటొచ్చీ అది రాసినవాళ్ళ లెక్క. మాట్లాడేవాళ్ళని ఎవరూ ఇంకా లెక్కపెట్టలేదు.

ఆ ఇళ్ళల్లో ఒకదానికి చల్లపల్లి నుంచి నాయనమ్మ వచ్చింది. విజిటర్ వీసా. పిల్లల్ని చూసే కేంద్రంలో ఒక్కరోజుకి వంద డాలర్లు దాటుతుంది, నాయనమ్మకి టికెట్టు ఒక్కసారే. శాశ్వతంగా ఉంచుకోవాలంటే తొందరగా తేలే దారికి మనిషికి నలభై వేల డాలర్ల పైన కట్టాలి. చవక దారిలో అయితే వలస శాఖవారే ముప్ఫై ఏళ్ళు పట్టొచ్చని రాసి పెట్టారు. డెబ్బై ఏళ్ళ ఆవిడని ముప్ఫై ఏళ్ళు ఆగమనడంలో వారికి మన ఆయుర్వేదం మీద ఎంత నమ్మకముందో చూడండి. ఇది కాక, కన్నపిల్లల్లో కనీసం సగం మంది ఆస్ట్రేలియాలో ఉండాలని, లేదా మరే ఒక్క దేశంలోకన్నా అక్కడ ఎక్కువమంది ఉండాలని నియమం. ఇద్దరిలో ఒకడు అక్కడుంటే చాలు, ముగ్గురిలో ఒకడుంటే చాలదు. మూడో పిల్లని కన్నందుకు నలభై ఏళ్ళ తర్వాత కాన్‌బెర్రాలో జవాబు చెప్పుకోవాలని ఆవిడకి ఆరోజు ఎవరూ చెప్పలేదు.

నాయనమ్మ మనవణ్ణి అడుగుతుంది: "నాన్నా, పెరుగన్నం కలపనా?" మనవడు తండ్రి వంక చూస్తాడు. తండ్రి లాప్‌టాప్ లోంచి తలెత్తి ఇంగ్లీషులో చెబుతాడు. మనవడు ఏదో అంటాడు. తండ్రి తెలుగులో చెబుతాడు. ఆ ఇంట్లో కబుర్లన్నీ ఇలాగే ముక్కలు ముక్కలుగా సాగుతాయి. ముక్కకి 35 మాటలు మించవు. నాయనమ్మ అలవాటు కొద్దీ పెంచితే, "అమ్మా, కొంచెం కొంచెంగా చెప్పు" అంటాడు కొడుకు. ఆ ఇంట్లో పరీక్ష పాసైన దుబాసీ అతనొక్కడే. అతని పాస్ కాగితానికి కూడా మూడేళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. చట్టప్రకారం చూస్తే నాయనమ్మ మనవడికి పెట్టిన పెరుగన్నం అనధికారికం.

కాబట్టి కాన్‌బెర్రా వారికి కృష్ణా డెల్టా ప్రజల తరఫున ఒక విన్నపం పంపుదామనుకుంటున్నాను. అయ్యా, తమరు పాయింటు పెడితే తప్ప మావాళ్ళు ఏదీ ముట్టరని తేలిపోయింది. తెలుగుతో ఆపకండి. కూచిపూడి వెళ్ళి భామాకలాపం ఫోను తియ్యకుండా చివరిదాకా చూసినవాడికి 5 ఇప్పించండి. మొవ్వలో క్షేత్రయ్య పుట్టాడని తెలిసినవాడికి 2. పెడనలో చేత్తో అద్దిన కలంకారీ గుడ్డనీ, మరమీద అచ్చేసినదాన్నీ చూపిస్తే తేడా చెప్పినవాడికి 3. వారానికోసారి ఇంటికి ఫోను చేసి "బిజీగా ఉన్నానమ్మా" అనకుండా పావుగంట మాట్లాడినవాడికి పదో పరకో తమ చిత్తం. గుడివాడ కాలవలో చెత్త వెయ్యనివాడికి ఏకంగా పౌరసత్వమే ఇచ్చెయ్యండి, మీ కోటాకి ఏమీ ఇబ్బంది రాదు. ఓటు జోలికి మాత్రం రావద్దు. మీ దేశంలో ఓటెయ్యకపోతే 20 డాలర్లు జరిమానా వేస్తారట. మా దగ్గర ఓటెయ్యాలంటే పోలింగు ముందురోజు రాత్రి కవరు రావాలి. ఆ ఒక్క విషయంలో రేటు మేమే కట్టుకున్నాం, తమ సాయం అక్కర్లేదు.

విన్నపం తెలుగులోనే రాశాను. ఇంగ్లీషులోకి మార్చి పంపాలి. మా వీధిలోనే నాటీ గట్టెక్కిన కుర్రాళ్ళు నలుగురున్నారు కదా, పని సులువని వెళ్ళాను. నలుగురూ కాగితం తిప్పి తిప్పి చూసి వెనక్కిచ్చారు. తెలుగు చదవడం వాళ్ళకి రాదట. పరీక్ష చెవితోనూ నోటితోనేనట, అందులో అక్షరాలు అడగరట.

"మీరే చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టండి మాస్టారూ," అన్నాడు ఒకడు. "ముక్కకి 35 మాటలు దాటకుండా."